ఈశాన్యం గోడ

ఉలి కింద గోడ చప్పుడు మారింది. అప్పటిదాకా ఖంగుమన్నది ఒక్కసారిగా డొల్లగా పలికింది. మేస్త్రీ భిక్షపతి సుత్తి ఆపేశాడు.

“సార్, గీ గోడకు ఇంతకుముందేమన్న కిటికీ ఉండెనా?”

“లేదయ్యా,” అన్నాడు భానుమూర్తి గడియారం చూసుకుంటూ. “రాహుకాలం వచ్చేస్తోంది. కానివ్వు, కానివ్వు.”

కొత్తపేటలోని ఆ పాత ఇంటికి పిల్లర్లు లేవు. పై అంతస్తు బరువంతా గోడలదే. ఈశాన్యంలో కిటికీ లేకపోతే ఇల్లు కలిసిరాదని వాస్తు పండితుడు చెప్పినప్పటి నుంచి భానుమూర్తికి నిద్ర లేదు. కోడలు మృదుల ధ్యాస మాత్రం పైన కిరాయికుంటున్న కౌసల్యమ్మ మీదే. మోకాలి ఆపరేషన్ చేయించుకుని మొన్ననే ఇంటికొచ్చింది. ఆమె మంచం సరిగ్గా ఈ గోడ పైనే.

భిక్షపతి కొత్త కిటికీ పైన వచ్చే లింటెల్ కోసం గాడి కొడుతున్నాడు. అందులో సిమెంటు దూలం కూర్చోబెట్టాకే కింద గోడ తీయాలి. మరో దెబ్బకు రెండు ఇటుకలు రాలాయి. మృదుల కంతలోకి తొంగిచూసింది. ఇటుకల మధ్య, నిలువునా, నీలం రంగు.

గోడ లోపల ఎవరైనా రంగు వేస్తారా?

“మావయ్యగారూ! ఇక్కడ కిటికీ ఉండేది కదూ?”

భానుమూర్తి నీళ్లు నమిలాడు. “అప్పటి సిద్ధాంతి కిటికీలు సరిసంఖ్యలో ఉండాలన్నాడమ్మా. ఏడున్నాయి. ఒకటి పూడ్పించాను. ఎప్పటిదో పాత మాట, ఇప్పుడెందుకని...”

“ఎందుకేంది సార్!” భిక్షపతి అరిచాడు. “పాత లింటెల్ కొస గీ ఇటుకల మీదనే కూసుంది. దాని ఆసరానే కొట్టేసిన!”

మాట పూర్తికాకముందే గోడలో ఏదో టక్కుమంది. ప్లాస్టరు మీద పగులు చరచరా పైకప్పు దాకా పాకింది. ఇసుక రాలింది.

భిక్షపతి మూలనున్న, స్లాబుకు ఆసరా పెట్టే ఇనప జాకీల కోసం ఉరికాడు. “జాకీలు! సార్, గీ గొట్టం పట్టుకోండ్రి. నేను తిప్పి స్లాబుకు ఆనిచ్చేదాక ఇడువద్దు!”

మృదుల అప్పటికే మెట్లెక్కుతోంది.

కౌసల్యమ్మ మంచం మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. “ఏంది బిడ్డా, ఇల్లు కూల్చి మమ్ముల ఖాళీ చేపిస్తున్నరా?” అని నవ్వింది.

“మంచం గట్టిగా పట్టుకోండి పెద్దమ్మా!”

మృదుల లాగింది. కదల్లేదు. ఇనప మంచం కోడు టైల్స్ సందులో ఇరుక్కుంది. గోడవార టైలు ఒకటి ఫట్‌మని లేచింది. కౌసల్యమ్మ నవ్వు ఆగిపోయింది. మృదుల నడుం వంచి కోడు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి గుంజింది. కీచుమంటూ మంచం గది మధ్యకొచ్చింది.

అప్పుడు కింద గోడ కూలింది.

“మావయ్యగారూ!”



మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. దుమ్ములో ముందు భిక్షపతి దగ్గు వినిపించింది. పాత లింటెల్ ఇటుకలతో సహా నేలమీదుంది. రెండు జాకీలు స్లాబును మోస్తున్నాయి. అందులో ఒకదాన్ని కావలించుకుని, తలంతా సున్నంతో, భానుమూర్తి.

“ఇగ ఇడువుండ్రి సార్. అదే నిలబడ్తది.”

ఆయన వదల్లేదు.

పైనుంచి కేక వినిపించింది. “బిడ్డా, నా చిక్కుడుకాయలన్ని కిందవడ్డయి!”

మృదుల ఊపిరి పీల్చుకుంది. గోడలో పాత కిటికీ, కొత్త కిటికీ కలిసిపోయి ఆటో పట్టేంత కంత.

“లెక్కకు ఇది ఒక కిటికీయా, రెండా మావయ్యగారూ?”

భానుమూర్తి అటు చూడనైనా లేదు.

“ముందు పైనున్న ఆవిడకి మంచినీళ్లివ్వమ్మా,” అన్నాడు, జాకీని మరింత గట్టిగా పట్టుకుని.