ఉత్తుత్తి పాపసంకీర్తనం

దర్జీకి చర్చి ఫాదర్లను తయారుచేసే గురువిద్యాలయం నుంచి కబురొచ్చింది, అంగీల కోసం కాదు, పాపాల కోసం.

అక్కడ చివరి ఏడాది చదివే బ్రదర్లకు పాపసంకీర్తనం వినడం, అంటే జనం వచ్చి చెప్పుకునే పాపాలు విని క్షమాపణ పలకడం, నేర్పుతున్నారు. ఇంకొన్నాళ్లలో గురుపట్టం పుచ్చుకుని, దూరదేశాలకు మిషనరీలుగా వెళ్లవలసినవాళ్లు. ఎవరి గోడు ఎలా వినాలో ఇక్కడే అలవాటు కావాలి కదా. తరగతి పక్క గదిలో రెండు కుర్చీలు వేసి మధ్యన తెర కట్టారు. ఇవతల పాపి, అవతల బ్రదరు.

"పాపాలకి నేనే దొరికానా ఫాదరుగారూ?" అన్నాడు దర్జీ.

"సంసారివి. నీకైతే నాలుగు రకాలు తెలుస్తాయి," అన్నారు పాఠం చెప్పే పెద్ద ఫాదరు. "కానీ ఒక్క షరతు. అన్నీ కల్పించి చెప్పాలి, నీ సొంతవి వద్దు. వీళ్లకింకా క్షమించే అధికారం లేదు. పైగా విన్నదంతా తర్వాత తరగతిలో చెప్పించి తప్పొప్పులు చూస్తాను."

"భలేవారే. సొంతవి ఎవరు బయటపెట్టుకుంటారండీ."

ఆ రోజు వంతు ముగ్గురిది. ఇద్దరికి ఏ చింతా లేదు. బెంగంతా మూడోవాడికే. అతన్ని అందరూ మైకు బ్రదరంటారు. నోరు విప్పితే ఆపడు. కిందటిసారి ఒక పెద్దాయన "కోపమొచ్చిందండీ" అని ఒక్క ముక్క అన్నందుకు, బైబిల్లో ఆదికాండం దగ్గర మొదలుపెట్టి ఆయనకు మళ్లీ కోపం వచ్చేదాకా వదల్లేదట. ఈసారి తప్పితే పట్టం వచ్చే ఏడాదేనని పెద్ద ఫాదరు తేల్చేశారు. తోటివాళ్లు ప్రయాణం కడితే ఇతను గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాలి. అతని పట్టానికి తెల్లంగీ కుట్టింది దర్జీయే. కొలతలు తీస్తున్నంతసేపూ ఆ కుర్రాడు తను వెళ్లబోయే ఊరి గురించే చెప్పాడు, కంటితో చూడని ఊరు.

మొదటి బ్రదరుకి దర్జీ ఎద్దును దొంగిలించానని చెప్పాడు.

"తిరిగి ఇచ్చేశారా?"

దర్జీ అంతదూరం ఆలోచించలేదు. "అమ్మేశానండీ."

"ఎవరికి?"

"దాని సొంతదారుకేనండీ."

తెర వెనక దగ్గో నవ్వో వినిపించింది. రెండోసారి జాగ్రత్తపడి, ఓడను ముంచానన్నాడు. ఆ బ్రదరు గుటకలు మింగి, అంత పాపానికి తగిన ప్రాయశ్చిత్తం తోచక, "ఒక పరలోక జపం చెప్పుకోండి," అని పంపేశాడు.

మూడోవాడి దగ్గరికొచ్చేసరికి సరుకు నిండుకుంది. తెర అవతల మైకు బ్రదరు ఊపిరి తీస్తున్న చప్పుడు. ఏదో ఒకటి చెప్పాలి. తడుముకుంటుంటే నాలుక చివర ఉన్నదే జారింది.

"మా బావమరిది గుడి పాటల బృందంలో నా పక్కనే నిలబడేవాడండీ. గొంతు బండెడు, శ్రుతి చెంచాడు. నావల్ల కాలేదు. పాటల మాస్టారితో, వాడికి గొంతు బాగోలేదు, మానేస్తానన్నాడని చెప్పాను. వాడితోనేమో మాస్టారే నిన్ను వద్దంటున్నార్రా అన్నాను. రెండూ అబద్ధాలే."

ఇక ఆదికాండం వస్తుందని దర్జీ సర్దుకుని కూర్చున్నాడు. రాలేదు.

"ఇప్పుడాయన ఎక్కడ కూర్చుంటున్నారు?"

"చివరి బెంచీలోనండి. పాటలప్పుడు పెదాలు కదుపుతాడు. గొంతు బయటికి రానివ్వడు."

ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాడు. చూసినట్టు ఇప్పుడే తెలిసింది.

"వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి," అంది తెర వెనక గొంతు, మెల్లగా. "చెప్పి, ఆయన చేత ఒక పాట పాడించుకుని చివరిదాకా వినండి. అదే ప్రాయశ్చిత్తం."

తరగతిలో దర్జీని కూడా ఓ మూల కుర్చీలో కూర్చోబెట్టారు. ఎద్దు, ఓడ కథలకి అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత మైకు బ్రదరు లేచాడు.

"నువ్వేం విన్నావు?"

"చెప్పలేనండి ఫాదర్."

"మర్చిపోయావా?"

"లేదండి."

"ఇది అభ్యాసం నాయనా. నువ్వింకా గురువువి కాదు, విన్నది దాచాల్సిన రహస్యమేమీ ఇక్కడ లేదు. నీ పాపమేమిటో చెప్పు."

"నాది కాదండి."

మళ్లీ నవ్వులు. పెద్ద ఫాదరు నవ్వలేదు. "అప్పుడు ఆపమంటే ఆపలేదు, ఇప్పుడు చెప్పమంటే చెప్పవు. ఇవాళ తప్పితే ఏడాది ఆగాలి, తెలుసుగా?"

"తెలుసండి."

అతను కిటికీ వైపే చూస్తున్నాడు. పొరపాటున కూడా దర్జీ వైపు కన్ను తిప్పలేదు.

దర్జీ కుర్చీలో ముళ్లమీద ఉన్నట్టు కదిలాడు. పాటల మాస్టారు ఇక్కడికీ వచ్చి పాటలు నేర్పుతాడు. ఈ గోడ దాటిన మాట ఇంట్లో ఆవిడ చెవిన పడడానికి పూట పట్టదు. తన తమ్ముణ్ణి ఏడిపించినవాణ్ణి దేవుడు క్షమించినా ఆవిడ క్షమించదు. ఇదంతా ఆలోచించి, లేచి నిలబడ్డాడు.

"షరతు తప్పింది నేనండీ. ఓడ మునిగాక నా దగ్గర ఇంకేం మిగల్లేదు. అతనికి చెప్పింది నా సొంతది."

పెద్ద ఫాదరు కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"నీకెలా తెలిసింది అది నిజమని?" అని మైకు బ్రదరునడిగారు.

"వంతు కోసం బయట నిలబడితే ఎద్దు బేరం వినిపించిందండి. ఆ గొంతు వేరు, ఈ గొంతు వేరు."

"ఊఁ. కూర్చో." అతను కూర్చున్నాక, "ఆ తెల్లంగీ ఇస్త్రీ చేయించుకో," అన్నారు.

వరండాలోకి వచ్చాక దర్జీ అడిగాడు. "ఫాదరుగారూ, ఇంతకీ నా పాపం పోయినట్టా, పోనట్టా?"

"పోనట్టే. శనివారం నా దగ్గరికి వచ్చి చెప్పుకో."

"మరి గుండె తేలికైందేమిటండీ?"

ఆయన ఆలోచించారు. "అది నేను చదివిన పుస్తకాల్లో లేదయ్యా."

"అతనిచ్చిన ప్రాయశ్చిత్తం?"

"చెల్లదు. ఏమిచ్చాడేమిటి?"

"చెల్లకపోతే బాగుణ్ణు అనిపించేంతది ఇచ్చాడండీ," అంటూ దర్జీ చెప్పులేసుకున్నాడు.

సైకిలు బావమరిది వీధి వైపు తిప్పాడు. వాడు ఎత్తుకుంటే అన్ని చరణాలూ పాడతాడు. పొట్టి పాటేదైనా అడిగితే సరి అనుకున్నాడు. అలా అడగడం కూడా పాపమేనేమోనని అనుమానమొచ్చింది. శనివారం అడుగుదాంలే అనుకుని, జోరుగా తొక్కాడు.