చెరిపేసిన నంబరు

నాకు అనుమానం ఎక్కువని మా వారు అంటారు. నేను దాన్ని జాగ్రత్త అంటాను. కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి నీళ్ళ చప్పుడు వినందే డబ్బులు తీయను. గ్యాసు సిలిండరు వస్తే తెచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి తూకం వేస్తాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ల్యాబులో ఎవరి రీడింగులైనా మరీ పుస్తకంలో ఉన్నట్టే వస్తే మార్కులు కోసేస్తాను, ఎందుకంటే నిజం రీడింగు ఎప్పుడూ కాస్త అటూ ఇటూ ఉంటుంది. నలభై నాలుగేళ్ళొచ్చాయి, నన్నింతవరకూ ఎవరూ మోసం చేయలేదు. అది లోకం మంచితనమేమోనని నాకెన్నడూ తోచలేదు. నా గొప్పే అనుకున్నాను.

రెండువేల రెండు వేసవి. రాజమండ్రి దానవాయిపేటలో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ సగం మా వారిది, సగం నాది. ఆయన సగంలో కంచం, నా సగంలో నేను చేత్తో తయారుచేస్తున్న బుల్లి కంప్యూటరు. పాతకాలపు చిప్పులు, వందల తీగలు. బజార్లో ఒకటి కొనుక్కోవచ్చుగా అని అందరూ అడిగేవారు. కొన్నదాంట్లో ఏముందో నాకెలా తెలుస్తుంది? అదీ నా జవాబు. కానీ ఈ కంప్యూటరు పది నిమిషాలు బుద్ధిగా నడిచి, ఉన్నట్టుండి కొయ్యబారిపోయేది. ఏ తీగ మీద తప్పు జరుగుతోందో కంటికి కనపడదు. దానికి లాజిక్ ఎనలైజరు కావాలి. పదహారు తీగల మీద ఒకేసారి పరిగెత్తే ఒకట్లనూ సున్నాలనూ పట్టుకుని, తెర మీద గీతలుగా చూపించే యంత్రం అది. కొత్తది లక్షల్లో ఉంటుంది. మా కాలేజీకే గతి లేదు.

మెయిన్ రోడ్డులో రేడియో విడిభాగాలమ్మే పల్లంరాజు గారు ఒకరోజు చెప్పారు. "కొవ్వూరులో యెహెజ్కేలు గారి దగ్గర ఒకటుందండి. అక్కడెక్కడో ఇంజినీరింగ్ కాలేజీ వేలంలో కొన్నారంట. ఆ కాలేజీ ల్యాబు సామాను బాగుచేసేది కూడా ఆయనేనండి."

బాగుచేసేదీ ఆయనే, కొన్నదీ ఆయనే. కంచే చేను మేసిందేమో! ఆ పురుగు అప్పుడే నా బుర్రలో దూరింది.

అయినా బస్సెక్కి వంతెన దాటాను. యెహెజ్కేలు గారికి అరవై ఉంటాయి. పల్చటి మనిషి, జేబులో ఎప్పుడూ ఓ స్క్రూడ్రైవరు. లూథరన్ చర్చి వెనక రెండు గదుల ఇల్లు. యంత్రం బియ్యపు బస్తాల పక్కన దుప్పటి కప్పుకుని ఉంది. నేను ముందే నా షరతు చెప్పాను. మా అమ్మ సంపూర్ణమ్మ గేదెను కొనాలంటే మూడు పూటలు తన చేత్తో పాలు పిండుకుని చూసేది. ఒక్క పూటే చూస్తే, అమ్మేవాడు ముందు పూట పిండకుండా ఆపి నిండు పొదుగు చూపిస్తాడు. నేనూ మూడు పూటలు చూసుకుంటానన్నాను.

ఆయన పడీ పడీ నవ్వారు. "మూడెందుకమ్మా, ఆరు పూటలు చూస్కోండి. ఇది తన్నను కూడా తన్నదు."

మూడు ఆదివారాలు వెళ్ళాను. ఆయన భార్య బేబి గారు ప్రతిసారీ మజ్జిగ ఇచ్చేవారు. ఆయన పక్కన కూర్చుని నేను అడిగిన ప్రతి తీగా తగిలించి చూపించారు. యంత్రంలో ఏ లోపమూ దొరకలేదు. ఇక ధర అడిగితే నాలుగు వేలన్నారు. పది చెప్పి ఉంటే బేరమాడి హాయిగా కొనేదాన్ని. నాలుగనేసరికి గుండెల్లో రాయి పడింది. ఇంత చవగ్గా ఎందుకు వదిలించుకుంటున్నట్టు?

"వేలం కాగితం ఉందాండి?" అన్నాను.

"ఉందమ్మా. నలభై సామాన్లకీ కలిపి ఒకటే కాగితం ఇచ్చారు. మా బేబి ఎక్కడో దాచింది. వెతికి తెస్తాలెండి."

వెతికి తెస్తానంటే లేదని అర్థం. నా నిఘంటువులో అంతే. అయినా యంత్రం మీద మోజు చంపుకోలేక డబ్బిచ్చి ఆటోలో వేసుకొచ్చాను.

ఇంటికొచ్చాక తుడుస్తుంటే వెనకవైపు ఓ అల్యూమినియం రేకు కనపడింది. దాని మీద కాలేజీ పేరుంది. కింద ఉండాల్సిన నంబరును ఎవరో బ్లేడుతో గీకి చెరిపేశారు. స్విచ్ వేస్తే, ఎవరో ఎప్పుడో దాచుకున్న సెట్టింగు పేరు తెర మీదికి వచ్చింది. ఇంగ్లీషులో 'ల్యాబ్ త్రీ, డు నాట్ రిమూవ్'. ల్యాబు నుంచి తీయొద్దని యంత్రమే మొత్తుకుంటోంది. దొంగ సొత్తు నా డైనింగ్ టేబుల్ మీద ఉంది. రేపు పోలీసులొస్తే లెక్చరర్ నాగేశ్వరి పేరు పేపర్లో పడుతుంది.

"ఆయన్నే అడిగెయ్యొచ్చుగా," అన్నారు మా వారు చంద్రరావు గారు, చారన్నం కలుపుకుంటూ.

"దొంగను నువ్వు దొంగవా అని అడిగితే అవునంటాడా?"

"దొంగ కాకపోతే కాదంటాడు కదా."

బ్యాంకు ఉద్యోగి అయ్యుండి ఈయన మనుషుల్ని ఎలా నమ్ముతారో నాకిప్పటికీ తెలియదు.

పది రోజులకు యెహెజ్కేలు గారే చెప్పకుండా మా ఇంటికొచ్చారు. యంత్రం క్షేమం అడిగారు. నా బాధ చెప్పక తప్పలేదు. ఎనలైజరు బాగానే ఉంది కానీ దాని మెమరీ మరీ చిన్నది. రెప్పపాటులో వందో వంతు గుర్తుపెట్టుకుంటుంది, నా కంప్యూటరులో తప్పేమో దానికి కాస్త ముందు జరిగిపోతోంది. ఆయన, ఉన్న మెమరీ చిప్పుల మీదే ఇంకో వరస చిప్పులు ఎక్కించి అతకొచ్చన్నారు. ఇంటి మీద మేడ వేసినట్టన్నమాట. చిప్పులు పల్లంరాజు గారి దగ్గర దొరుకుతాయి, అతికేది తనేనట, కూలి అక్కర్లేదట.

కూలి అక్కర్లేదా! ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. మూత విప్పి ఏదో మార్చేయడానికే వస్తానంటున్నాడని, సాక్ష్యం చెరపడానికేనని తీర్మానించుకున్నాను. మర్నాడు స్టాఫ్ రూములో కూర్చుని ఓ ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి. మీ ల్యాబులోని లాజిక్ ఎనలైజరు మాయమైన సంగతి తమరికి తెలుసునా, ల్యాబు తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో తమరు విచారించుకోగలరు, మెకానిక్ యెహెజ్కేలు ఇంటి మీద ఓ కన్ను వేయగలరు. అక్షరాలు నావి కానట్టు కోలగా రాసి, ధవళేశ్వరం వెళ్ళి అక్కడి పోస్టు డబ్బాలో వేశాను. నిజం తేలితే మంచిదే, తేలకపోతే ఎవరికీ నష్టం లేదు. అలా అనుకున్నాను, సిగ్గులేకుండా.

మూడు వారాల తర్వాత ఓ ఆదివారం, చర్చి అయ్యాక, యెహెజ్కేలు గారు చిప్పులతో వచ్చారు. మనిషి చిక్కిపోయారు. నవ్వు లేదు. మూత విప్పి, బోర్డు బయటికి తీసి, చిప్పు మీద చిప్పు పెట్టి ఒక్కొక్క కాలూ అతకడం మొదలుపెట్టారు. ఆయన చేతులనే చూస్తూ ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. సగం పని అయ్యాక సాల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి సంచీలోంచి ఓ కాగితం తీశారు.

"ఇదిగోనమ్మా మీరడిగిన వేలం కాగితం. బైబిల్లో పెట్టి మర్చిపోయింది మా బేబి."

కాలేజీ ముద్ర, ప్రిన్సిపాల్ సంతకం, పదిహేడో నంబరు సామాను లాజిక్ ఎనలైజరు. "మరి వెనక నంబరు చెరిపేసి ఉందేంటండి?" అన్నాను.

"పనికిరాదని తీసేసిన సామాన్లకు నంబరు గీకేశాకే వేలం వేస్తారండి. అది రూలు."

మా కాలేజీలో దేన్నీ తీసేయరు. తుప్పు పట్టేదాకా అలాగే ఉంచుతారు. అందుకే ఆ రూలు నాకు తెలియదు. 'డు నాట్ రిమూవ్' అని పెట్టింది కూడా ఆయనేనట. పిల్లలు దాన్ని వేరే ల్యాబులకు మోసుకుపోతుంటే పడలేక.

నేనింకా ఊపిరి తీసుకోకముందే ఆయన రెండో కాగితం తీసి నా ముందు పెట్టారు. కోల అక్షరాలు.

"ఇది చూడండమ్మా. ఎవడో మా ప్రిన్సిపాల్ గారికి రాశాడు. ఆయన లెక్కలన్నీ చూసుకుని నా తప్పేం లేదన్నారు. కానీ, కొన్నాళ్ళు తాళాలు ఆఫీసులో పెట్టండి యెహెజ్కేలూ అన్నారు. పద్దెనిమిదేళ్ళండి. ఇప్పుడు నేను ల్యాబులోకి వెళ్ళాలంటే ప్యూను వచ్చి తలుపు తీస్తున్నాడు." ఆయన ఉత్తరాన్ని వేలితో నొక్కి చూపించారు. "రాసింది మా బావమరిది శ్యాంబాబు. అదే కాలేజీలో క్లర్కు. సామాన్ల లిస్టు వాడి దగ్గరే ఉంటుంది, ఆ యంత్రం పేరు అంత సరిగ్గా ఇంకెవడికి తెలుస్తుంది చెప్పండి? మొన్న చర్చి ముందు అందరూ చూస్తుండగా నా గడప తొక్కొద్దని చెప్పేశాను. వాడు కాదని ఏడ్చాడు. మా బేబి అప్పట్నుంచీ నాతో మాట్లాడ్డం లేదు, అన్నం తినడం లేదు. ఒక్కడే తమ్ముడు దానికి. మీరు పిల్లల రాతలు దిద్దే మనిషి కదా, వాడి చేతిరాత కూడా తెచ్చాను. రెండూ పోల్చి చెప్పండి. తెగిపోతే తెగిపోతుంది."

ఆయన అల్లుకున్న కథలో ఒక్క కన్నం ఉంది. దాన్నే అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"కొన్నదాన్ని నేను కదండి. నా మీద అనుమానం రాలేదా?"

"ప్రిన్సిపాల్ గారు అదే అడిగారమ్మా. ఆవిడ అలాంటి మనిషి కాదండి, అనుమానం ఉంటే మొహం మీదే అడుగుతుంది, మూడు వారాలు నా ఎదురుగా కూర్చుని పరీక్ష పెట్టింది, వెనకాల రాసే రకం కాదని చెప్పాను. ప్రమాణం చేస్తానన్నాను."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం గురించి వినడమే గానీ, నా భుజాలు నిజంగా బరువెక్కడం ఆ రోజే తెలిసింది. శ్యాంబాబు రాతను చేతిలోకి తీసుకున్నాను. 'కొంచెం పోలికలున్నాయండి' అంటే చాలు. నేను ఒడ్డునపడతాను, ఓ ఇల్లు మునుగుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

"శ్యాంబాబు రాయలేదండి. నేను రాశాను."

ఆయన తలెత్తి జాలిగా నవ్వారు. "మా బేబి కోసం నింద మీద వేసుకుంటున్నారా? వద్దమ్మా."

నమ్మరే! ఉత్తరాన్ని బోర్లా తిప్పి పెట్టి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా అప్పజెప్పాను. ధవళేశ్వరంలో ఏ డబ్బాలో వేశానో చెప్పాను. 'తమరు విచారించుకోగలరు' దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. వంటింట్లోంచి కాఫీలు తెస్తున్న మా వారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

యెహెజ్కేలు గారు తిట్టి ఉంటే బాగుండేది. ఐరన్ స్విచ్ కట్టేసి, "శ్యాంబాబుకు ఈ మాట మీరే చెప్పాలి. రండి," అన్నారు.

బస్సులో వంతెన పొడుగునా నేను ఏదో చెప్పబోతూనే ఉన్నాను, ఆయన కిటికీ వైపు తిరిగి గోదావరినే చూస్తున్నారు. బేబి గారిని వెంటబెట్టుకుని ముగ్గురం శ్యాంబాబు వాకిట్లో నిలబడ్డాం. నాకు నలుగురి ముందు నిలబడ్డట్టుంది. నేను చెప్పిందంతా విని ఆ మనిషి, "మీరెవరండి? నేనెప్పుడూ మిమ్మల్ని చూడలేదే," అన్నాడు. బేబి గారు తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడ్చారు. యెహెజ్కేలు గారు వాడి ముందు తలవంచి, "తప్పయిపోయిందిరా," అన్నారు. ఆ మాట నేననాల్సింది. అన్నాను కూడా, కానీ అప్పటికి నా మాట ఎవరూ వినడం లేదు.

మర్నాడు సొంత అక్షరాలతో, సంతకంతో ప్రిన్సిపాల్ గారికి ఇంకో ఉత్తరం రాశాను. తాళాలు తిరిగి ఇచ్చారని పల్లంరాజు గారి ద్వారా తెలిసింది. కాగితం వెతికి తెస్తానన్న మాట నా తోటి లెక్చరర్ ఎవరైనా అని ఉంటే నేను అలా ధవళేశ్వరం దాకా వెళ్ళేదాన్నా అని ఆ వారమంతా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు తెలుసు. అది పైకి అనుకోవడానికి ఇష్టం లేకపోయింది.

ఇక ఆయన రారనుకున్నాను. ఆదివారం సరిగ్గా అదే వేళకు వచ్చారు.

"సగంలో వదిలేసిన పని నాకు పడదండి," అన్నారు. 'అమ్మా' అనలేదు.

మిగిలిన కాళ్ళన్నీ అతికారు. నేను ఈసారి ఎదురుగా కూర్చోలేదు. వరండాలోకి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోశాను. పిలిస్తే లోపలికొచ్చాను. తెర మీద గీతలు ఇదివరకటికి రెండింతలు పొడుగ్గా పరుచుకున్నాయి. నా కంప్యూటరు కొయ్యబారడానికి ముందు జరిగిందంతా దొరికింది. రెండు చిప్పులు ఒకదానికి తెలియకుండా ఇంకోటి ఒకే తీగ మీద ఒకేసారి మాట్లాడుతున్నాయి. రెండు నెలలుగా వెతుకుతున్న తప్పు. కేకవేసి ఎగరాల్సింది. "దొరికిందండి," అన్నాను మెల్లగా. "మంచిదండి," అన్నారు.

కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. కాఫీ వద్దన్నారు. పనిముట్లన్నీ సంచీలో సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. వెనక్కి తిరిగి సంచీ రెండు చేతులా తెరిచి నా ముందు పట్టుకున్నారు.

"చూస్కోండి మేడమ్ గారూ. మీ సామానేదీ నాతో రావడం లేదు."

"అయ్యో, అదేంటండి! వద్దండి," అన్నాను.

"చూడండి," అన్నారు.

ఆయన గొంతులో కోపం లేదు. సంచీ మూయలేదు. నేను చూసేదాకా మూయరని అర్థమైంది.

చూశాను.