ఆరు వేల నూట డెబ్బై నాలుగు

అరచేతిలో కొబ్బరికాయ. పిలక వేళ్ళ వైపు తిప్పి, అడ్డంగా పడుకోబెట్టిన కాయ. ఎండకు కాలుతోంది.

ఆశ్రిత నడుస్తోంది.

నీళ్ళున్న చోట కాయ నిటారుగా లేస్తుందని యాడికి ఊరికీ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ నమ్మకం. నిరుడు మేనమామ చేలో ఆమె చూపించిన చోట బోరు వేస్తే నీళ్ళు ఎగజిమ్మాయి. ఆ రోజుతో ఆమె చదివిన లెక్కల డిగ్రీని అందరూ మరిచిపోయారు. చెయ్యి ఒక్కటే మిగిలింది.

ఇవాళ నాయన చేను. వేసిన బోర్లన్నీ ఎండాయి. ఇదీ ఎండితే అప్పులకు చేను అమ్ముకోవలసిందే.

తూర్పు మూల నుంచి నడిచింది. నల్లబండ పక్కన కాయ లేచింది. పడమటి మూల నుంచి నడిచింది. మళ్ళీ అక్కడే...

"యాడ మొదలుపెట్టినా ఈడికే వస్తాండావు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావల్లమ్మా?" అన్నాడు పక్కచేని గోవిందప్ప. నాయన కళ్ళు తడిశాయి.

ఇలాంటిది లెక్కల్లో ఇంకొకటి ఆమెకు తెలుసు.

గట్టు మీద బోరు లారీ. నంబరు 4085. ఆ అంకెల్ని పెద్దది ముందుగా పేర్చు — 8540. తిరగెయ్యి — 0458. తీసెయ్యి. 8082. మళ్ళీ పేర్చు, తిరగెయ్యి, తీసెయ్యి. 8532. మళ్ళీ.

6174.

ఇక కదలదు. 7641 లోంచి 1467 తీసేస్తే — 6174. మళ్ళీ చేసినా 6174. ఎన్నిసార్లు చేసినా...

ఏ నాలుగంకెలు పట్టుకున్నా అక్కడికే వస్తాయి. అంకెల్లో మహిమేమీ లేదు. తీసివేసే పద్ధతే అక్కడికి లాక్కొస్తుంది.

నల్లబండ పక్కన నేల పల్లం. అడుగు జారుతుంది. చెయ్యి వంగుతుంది. కాయ లేస్తుంది. అంతేగా!

"నాయనా, నీళ్ళ సంగతి నాకు తెలీదు. ఆడ పల్లముండాది. చెయ్యి వంగుతాండాది."

"భయపడాకమ్మా. ఇంగోసారి నడు."

ఒక్క దారి ఉంది. నాలుగంకెలూ ఒకటే అయితే — 1111, 7777 — తీసేస్తే సున్న. ఉచ్చులో పడనివి అవే. బయటపడి చేరేది మాత్రం సున్నకే.

సున్న అంటే బోరు లేదు. బోరు లేకపోతే పంట లేదు. కానీ చేనైనా మిగులుతుంది.

నడిచింది. చెయ్యి సమంగా పట్టింది. పల్లంలో మడమలు బిగించింది. భుజం పీకింది, పంటి బిగువున ఓర్చుకుంది. చేను చివరిదాకా వచ్చినా కాయ లేవలేదు.

సున్న.

ఏడుపొచ్చేంత సంతోషం ఆమెకు.

వెనక్కి తిరిగి చూస్తే — లారీ నల్లబండ పక్కనుంది. నాయన అప్పుడే సున్నంతో గుర్తు పెట్టేశాడు.

కాయ చేతపట్టుకునే పరుగెత్తింది. "నాయనా, ఈసారి లేయలేదు కదా!"

"ముందర లేసినాది కదమ్మా. ఇప్పుడు నీకు చెయ్యి నొచ్చింటాది. ఏమప్పా తిప్పేషూ, ఇంగ కానీ!"

డ్రైవరు తిప్పేష్ ఇంజను వేశాడు. తెల్లటి రాతి దుమ్ము లేచింది. నేల అదిరింది. ఆమె పాదాలు అదిరాయి, మోకాళ్ళు, మోచెయ్యి...

"సూడండప్పా! సూడండి!" నాయన గొంతు.

అరచేతిలో కొబ్బరికాయ —

మెల్లగా లేస్తోంది.