అరవైమూడు కాగితాలు

వెర్రి వెయ్యి విధాలంటారు. ఆ వెయ్యిలోనూ చేరనిది ఆత్మకూరు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు వరప్రసాదం వెర్రి. ఆయనకు కట్ గ్లాస్ పిచ్చి. సామాను మీద పిచ్చి అయితే ఎవరైనా అర్థం చేసుకుందురు. ఈయన పిచ్చి ఆ సామాను బొమ్మలుండే పాత కేటలాగుల మీద. దొరల కాలంలో మద్రాసు కంపెనీలు సాన పట్టి చెక్కిన గాజు గిన్నెలకూ కూజాలకూ దీపపు బుడ్లకూ బొమ్మలు వేయించి, నంబర్లు ఇచ్చి అచ్చేసిన పుస్తకాలవి. సామాను ఎప్పుడో పగిలిపోయింది, కొన్నవాళ్లు ఎప్పుడో కాటికి పోయారు. ఈ పుస్తకాలు మాత్రం పాత కాగితాల కొట్లలో శనక్కాయల పొట్లాలు కావడానికి కాచుకుని ఉండేవి.

పిచ్చివాడికి తోడు దొరక్కపోదు. 1972లో ఆత్మకూరు బస్టాండు పక్కన పాత కాగితాల కొట్లో ఒక కేటలాగు ఒక కొస వరప్రసాదం పట్టుకుంటే, రెండో కొస ఉదయగిరి మదార్ సాహెబ్ పట్టుకున్నాడు. మదార్ సాహెబ్ చెక్కతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేసే మనిషి. వాటి పిడుల మీద చెక్కడానికి ఆయనకు కొత్త కొత్త పువ్వులు, చుక్కలు కావాలి. గాజు మీద దొరలు చెక్కించుకున్న చుక్కల కంటే మంచివి ఎక్కడ దొరుకుతాయి?

"మీరు ఎత్తుకోండి సార్. బొమ్మలు దించుకున్నాక నాకు ఒక నెల ఇయ్యండి, చాలు," అన్నాడాయన, కొస వదిలేసి. వదిలేసిందెవరో గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మూడోవాడు కలిగిరి నారాయణయ్య. పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఇంటినిండా కాగితాలే. ముగ్గురూ కలిసి ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఎక్కడ కేటలాగు ఉందని తెలిసినా మిగతా ఇద్దరికీ కార్డు ముక్క రాయాలి. ఎవరికి దొరికినా నెలరోజులు ఉంచుకుని, పల్చటి కాగితం మీద బొమ్మలు దించుకుని, తర్వాతివాడికి పంపాలి. గుడ్డసంచిలో పెట్టి నోరు కుట్టి కండక్టరు చేతికిస్తే బస్సులో చేరిపోయేది. సంచిలో ఒక లెక్క చీటీ ఉండేది. పంపేవాడు కాగితాలు లెక్కపెట్టి ఎన్నో రాసి సంతకం చెయ్యాలి, అందుకున్నవాడు మళ్లీ లెక్కపెట్టి దాని పక్కనే రాసి సంతకం చెయ్యాలి. ఇది నారాయణయ్య పెట్టిన నియమం. పోస్టాఫీసులో ముప్పయ్యేళ్లు చేసిన ఆ మనిషి సంతకం లేనిదే భార్య చేతి కాఫీ కూడా తీసుకోడని మిగతా ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నవ్వుకుంటూనే సంతకాలు పెట్టేవాళ్లు.

వరప్రసాదం ఇంట్లో అద్దాల బీరువాలో ఒక గాజు గిన్నె ఉండేది. ఆయన తండ్రి దానియేలు నెల్లూరులో ఒక దొర బంగళాలో వంటవాడు. దొర సీమకు వెళ్లిపోతూ తన చేత్తో ఇచ్చిన గిన్నె అది. అడుగున పదహారు మొనల చుక్క, చుట్టూ విసనకర్రల్లాంటి గీతలు. ఇంటికి ఎవరొచ్చినా వరప్రసాదం దాన్ని తీసి ఎండకు పట్టి చూపించేవాడు. "సొంత మనిషికి తప్ప ఇటువంటి కట్ గ్లాస్ ఇవ్వరండీ," అనేవాడు. వంటవాడి కొడుకని ఊళ్లో కొందరు వెనక అనుకునే మాటకు ఆయన దగ్గరున్న జవాబు ఆ గిన్నె ఒక్కటే. ఏదో ఒక కేటలాగులో దాని నంబరూ పేరూ దొరుకుతాయని ఆయన ఆశ. మిగతా ఇద్దరూ ప్రతి కొత్త పుస్తకంలో ముందు ఆ గిన్నె కోసమే వెతికేవాళ్లు.

1975 వేసవిలో నారాయణయ్యకు చేజర్లలో ఒక పాత మేడ అటక మీద మంచి కేటలాగు దొరికింది. అరవైనాలుగు కాగితాలు. తాను సగమైనా తిరగెయ్యకుండా, "ముందు నువ్వు చూడు ప్రసాదం, మీ నాయన గిన్నె ఉండాదేమో," అని ఆత్మకూరుకు పంపాడు.

ఉండనే ఉంది. నలభై ఒకటో కాగితం మీద, అదే చుక్క, అవే విసనకర్రలు. వరప్రసాదం పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తెచ్చుకున్నాడు. కింద ఇంగ్లీషులో ఉన్న నాలుగు ముక్కలు చదివాడు. అచ్చులో పోసిన గాజు, చెక్కినది కాదు. కట్ గ్లాస్‌కు చవకైన నకలు. నౌకర్ల వాడకానికి తగినది. డజన్ల లెక్కన మాత్రమే అమ్మబడును.

ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదివాడో ఆయనకే తెలీదు. దొర తన తండ్రికి ఇచ్చింది నౌకర్ల గిన్నె. నౌకరుకు నౌకర్ల గిన్నె ఇవ్వడంలో వింతేముంది? కానీ ఇన్నేళ్లుగా దాన్ని ఎండకు పట్టి చూపించిన చెయ్యి తనది. రేపు ఈ పుస్తకం ఉదయగిరి పోతుంది, అక్కణ్ణించి కలిగిరి పోతుంది. నారాయణయ్యకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఆయన నవ్వడు, జాలిపడతాడు. ఆ జాలి తలుచుకుంటేనే వరప్రసాదానికి ఒళ్లు చచ్చిపోయింది. డ్రాయింగు పెన్సిళ్లు చెక్కుకునే బ్లేడు తీసి, కాగితాన్ని కుట్టు దగ్గర జాగ్రత్తగా కోసేశాడు. కోసినట్టే తెలియలేదు, మరి చెయ్యి తిరిగిన మాస్టరు కదా. తర్వాత లెక్క చీటీ మీద గుండ్రటి అక్షరాలతో అరవైనాలుగు అని రాసి సంతకం చేసి, సంచి నోరు కుట్టి ఉదయగిరి బస్సెక్కించాడు.

సంచి విప్పి లెక్కపెట్టగానే మదార్ సాహెబ్ పట్టుకుంటాడని, అప్పుడు కండక్టరు మీదో కుట్టు మీదో తప్పు తోసెయ్యవచ్చని ఆయన అనుకున్నాడు. మదార్ సాహెబ్ పట్టుకోలేదు. అరవైనాలుగు అందినట్టు ఉర్దూ సంతకం చేసి, నెల తర్వాత మళ్లీ లెక్కపెట్టకుండానే కలిగిరికి పంపాడు. నారాయణయ్య లెక్కపెడితే అరవైమూడు. నలభై తర్వాత నలభైరెండు.

ముగ్గురూ కలిగిరిలో కూర్చున్నారు. నారాయణయ్య చీటీ బల్ల మీద పరిచాడు. ఆత్మకూరులో అరవైనాలుగు, ఉదయగిరి చేరినప్పుడు అరవైనాలుగు. మరి పోయింది ఎక్కడ? చీటీయే చెబుతోంది.

మదార్ సాహెబ్ తల దించుకున్నాడు. "మా పాప దిల్షాద్ చింపేసింది నారాయణయ్య గారూ. పదేండ్ల బిడ్డ, తెలియక చేసింది. అడిగితే ఒప్పుకునింది. సంతకం నాది, తప్పు కూడా నాదే."

వరప్రసాదం తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నా కొంత మేలు. నోరు తెరిచి, "పోనీలెండి నారాయణయ్య గారూ, పిల్లలన్నాక చేస్తారు. క్షమించి వదిలెయ్యండి," అన్నాడు. మదార్ సాహెబ్ కళ్లెత్తి కృతజ్ఞతగా చూశాడు. ఆ చూపు వరప్రసాదాన్ని పదకొండేళ్లు వెంటాడింది. అన్నంలో చెయ్యి పెట్టినప్పుడూ, చర్చిలో మోకరించినప్పుడూ అదే చూపు. ఆ పిల్ల ఎందుకు ఒప్పుకుందో ఆయనకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని ప్రయత్నించనూ లేదు, అది నిజం.

నారాయణయ్య ఆ తర్వాత పుస్తకాలు ఉదయగిరికి పంపడం మానేశాడు. మదార్ సాహెబ్ మాత్రం కార్డులు రాయడం మానలేదు. ఫలానా చోట కేటలాగు ఉందని వినగానే ఇద్దరికీ రాసేవాడు. తనకు రాని పుస్తకాల జాడ తానే చెప్పేవాడు. వరప్రసాదం ఆ కార్డులు చదివి బీరువా పైన పెట్టేసేవాడు. గిన్నె మాత్రం ఎవరికీ చూపించడం లేదు. ఎవరైనా అడిగితే బీగం చెవి కనపడలేదనేవాడు.

1986లో, ఎండలు ముదిరే వేళ, ఒకరోజు పొద్దున్నే మదార్ సాహెబ్ ఆత్మకూరులో దిగాడు. గడ్డం నెరిసిపోయింది. చంకలో గుడ్డసంచి.

"దొరికింది సార్. అదే పుస్తకం, ఇంకొక కాపీ. నెల్లూరులో దొరికింది. పదకొండేండ్లు వెతికినాను." ఆయన గొంతులో పెళ్లికి పిలవడానికి వచ్చినవాడి సంబరం. "మీరు నలభై ఒకటో కాగితం చక్కగా దించియ్యండి. నారాయణయ్య గారి పుస్తకంలో అంటించి, నా బాకీ తీర్చుకుంటా."

వద్దనే లోపే పుస్తకం బల్ల మీద తెరుచుకుంది. మదార్ సాహెబ్‌కు ఇంగ్లీషు రాదు. కానీ నలభయ్యేళ్లు చుక్కలు చెక్కిన కళ్లు అవి. నలభై ఒకటో కాగితం చూశాడు. తలెత్తి బీరువా అద్దంలోంచి గిన్నెను చూశాడు. మళ్లీ కాగితం చూశాడు. మొనలు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"దీని కింద ఏం రాసుండాది సార్?"

అబద్ధం చెప్పడానికి ఇంకొక అవకాశం వచ్చింది. మేలైన కట్ గ్లాస్ అని రాసుందంటే, ఆ మనిషి నమ్మేవాడు కూడా. వరప్రసాదం పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదివాడు. నౌకర్ల వాడకం, డజన్ల లెక్క, అన్నీ. చదివాక లేచి, బైబిలు అట్టలో దాచిన పాత కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మదార్ సాహెబ్ ఆ పాత కాగితాన్ని పుస్తకంలోని కాగితం పక్కన పెట్టి చూశాడు. తిడితే బాగుండునని వరప్రసాదం కాచుకున్నాడు.

"మా ఇంట్లో కాగితాలు లెక్కపెట్టేది మా పాపే సార్," అన్నాడు చివరికి. "ఆ రోజు కూడా తనే లెక్కబెట్టింది. అరవైమూడే ఉండాయి అబ్బాజాన్ అనింది. సరిగ్గా లెక్కబెట్టు, సారు అరవైనాలుగని రాసినారు అన్నాను. మళ్ళీ అరవైమూడే అనింది. చీటీ చూసినాను. మీ రాత. పసిబిడ్డ మాటా, సార్ రాతా? సంతకం పెట్టేసినాను. తర్వాత నారాయణయ్య గారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మా పాపే చింపి, అది బయటపడకుండా ముందే అరవైమూడు అనిందనుకున్నాను. గరిట పిడితో కొట్టినాను."

వరప్రసాదం ఏదో అనబోయాడు.

"నాకొద్దు సార్, నాకు చెప్పొద్దు. కలువాయిలో ఉండాది నా బిడ్డ. అక్కడికి పొయ్యి చెప్పండి." పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కాగితం మాత్రం బల్ల మీదే ఉంది.

మరునాడు వరప్రసాదం కలువాయి బస్సెక్కాడు. దారి పొడుగునా దిగిపోదామనే అనిపించింది. దిల్షాద్ అత్తగారింటి ముందు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల. మాస్టర్ని చూసి లేచి, కొంగు తల మీదకు లాక్కుంది. ఆయన నిలబడే చెప్పాడు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. కాగితం తీసి చూపించాడు. కుట్టు పక్క అంచు బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంది.

దిల్షాద్ ఆ అంచును వేలితో తడిమి చూసింది.

"మూడుసార్లు లెక్కబెట్టినాను సార్," అంది. "మూడుసార్లూ అరవైమూడే. అబ్బా కొడుతుంటే, చింపినానని చెప్తే ఆపుతాడని చెప్పేసినాను. చెప్పినాక కాగితం యాడుండాదని అడిగితే పొయ్యిలో యేసినానన్నాను. కొన్నాళ్లకు నాకే అనుమానం వచ్చింది, నిజంగానే పొయ్యిలో యేసినానేమోనని. ఇప్పటికీ ఏదైనా లెక్కబెడితే ఇంకొకరిని అడుగుతాను, సరేనా అని."

వరప్రసాదం రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులను ఆమె పట్టించుకోలేదు. లోపలికి వెళ్లి ఒక పోస్టుకార్డు, పెన్ను తెచ్చి అరుగు మీద పెట్టింది.

"మా అబ్బా నా నోటిమాట నమ్మలేదు సార్, మీ రాతనే నమ్మినాడు. రాసియ్యండి."

వరప్రసాదం అరుగు మీద కూర్చుని రాశాడు. బోర్డు మీద ఇరవయ్యేళ్లు గీతలు దిద్దించిన చేతికి కూడా సంఖ్య వంకరగా పడింది. 1975లో ఆత్మకూరు నుంచి పంపిన పుస్తకంలో అరవైమూడు కాగితాలే ఉన్నాయని, దిల్షాద్ లెక్క సరైనదని, ఒక కాగితం తాను కోసుకున్నానని రాసి సంతకం చేశాడు.

ఆమె కార్డు తీసుకుని ఒకసారి చదువుకుంది. తర్వాత పెన్ను ఆయన చేతిలోంచి తీసుకుని, సంతకం పక్కన ఖాళీ చోట అరవైమూడు అని రాసి, కింద తన పేరు పెట్టింది. అందుకున్నవాళ్లు సంతకం చెయ్యాలన్న నియమం ఆ పిల్ల మరిచిపోలేదు.