అలిగిన వియ్యపురాలు

కుర్చీలు నాలుగే అన్నాడు రియాజ్. మా మేడమ్ అజీజా కారు డ్రైవరు, మా కడపవాడే. రెండువేల ఎనిమిదిలో, మస్కట్ గుళ్ళో తిరుపతమ్మ పెళ్ళి, అల్ అమెరాత్‌లో మేడమ్ వాళ్ళ మజ్లిస్‌లో, అదే చుట్టాలు కూర్చునే హాల్లో, రిసెప్షన్.

"పెద్ద టేబుల్ నడుమ దుల్హా, దుల్హన్. ఈ పక్క పిల్ల తల్లి, ఆ పక్క పిల్లోడి తల్లి. బస్" అన్నాడు.

తిరుపతమ్మకు తల్లి లేదు. పెళ్ళికొడుకు జయరాముడి తల్లికి వీసా రాలేదు. ఇంక చూసుకోండి!

ఆ ఇంట్లో వంట నాది, గుడ్డలూ గదులూ సత్తవ్వవి, పిల్లల్ని చూసే డ్యూటీ తిరుపతమ్మది. వచ్చిన కొత్తలో బెంగపెట్టుకుని ఏడుస్తుంటే దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నది నేను. నాకు పిల్లల్లేరు. ఒక్కసారి, నలుగురి ముందు, దాని పక్కన తల్లిగా కూర్చోవాలని ఆశ. దాచడమెందుకు, చచ్చేంత ఆశ.

"జరమొస్తే తడిగుడ్డ నేనేసిన. కుర్చీ నాదే" అంది సత్తవ్వ.

"యాడిదే నీది? గంజి కాసి తాపిచ్చింది ఎవురు?" అన్నాను.

రెండు రోజులు మాటల్లేవు. ఆఖరికి తిరుపతమ్మ నా పేరే చెప్పింది. సత్తవ్వ మూతి ముడుచుకుని పోయింది. పోతే పోనీ అనుకున్నాను.

శుక్రవారం కొత్త చీర కట్టుకుని మజ్లిస్‌లోకి వెళ్తే ఏముంది! పిల్లోడి తల్లి కుర్చీలో సత్తవ్వ! జయరాముణ్ణి బతిమాలి ఆ కుర్చీ సంపాదించిందట.

"రా వదినా" అంది ఇకిలిస్తూ. "మగపెళ్ళోళ్ళం. నీ చేత్తోని వడ్డిస్తెనే తింట."

అప్పుడు గుర్తొచ్చింది. వియ్యపురాలు తిని లేచేదాకా ఆడపిల్ల తల్లి కూర్చోకూడదు కదా! కుర్చీ కోసం కొట్టుకున్నానే గానీ ఆ సంగతే మరిచిపోయాను. నా బుర్ర తగలెయ్య!

నిలబడి వడ్డించాను. బిర్యానీ అంది, వేశాను. వంకాయ అంది, వేశాను. ఉప్పు తక్కువంది, నా వంటకు! పళ్ళు నూరుకున్నాను. జనం తిని లేస్తున్నారు, ఈవిడ మాత్రం మెతుకు మెతుకూ లెక్కబెడుతోంది. తిరుపతమ్మ ఖాళీ కుర్చీని చూసి, నన్ను చూసింది. దాని కళ్ళలో నీళ్ళు. నాకూ ఏడుపొచ్చింది.

అది చూసిందో ఏమో, సత్తవ్వ ప్లేటు ముందుకు నెట్టి ముఖం తిప్పుకుంది.

"నేనలిగిన" అంది.

"ఇప్పుడేమొచ్చిందే నీకు?"

"అలక తీర్చాల్సిందే అత్తా" అన్నాడు జయరాముడు బిత్తరపోయి.

"సరే. ఏం గావల్ల వదినా?" అన్నాను, ఆ మాట నోట్లోంచి రానంటున్నా.

"పోయి నీ బిడ్డ పక్కన కూసో. నువ్వు తినకుంటే నేను ముద్ద ముట్ట."

వియ్యపురాలు కోరితే కాదనేదేముంది? కూర్చున్నాను. తిరుపతమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతలో సత్తవ్వ లేచి, గిన్నె పట్టుకొచ్చి నా ప్లేట్లో వడ్డించింది.

"ఇదేందే, మగపెళ్ళివాళ్ళు వడ్డించేది యాడైనా ఉందా?"

"నాకు మాత్రం బిడ్డ గాదానే అది?" అంది. గిన్నె కింద పెట్టింది. "జర జరుగు."

జరిగాను. ఒక్క కుర్చీలో ఇద్దరం పట్టాం.