రెండో జెండా

భానుమతి క్లెమెంటిలో రైలెక్కుతుండగా కృష్ణప్రసాద్ మెసేజ్ వచ్చింది. "భానుమతి గారూ, ఈ శనివారం మీరు గోల్ దగ్గర నిలబడి ఎండలో మాడిపోవద్దు. హాయిగా నీడలో కూర్చుని మన పిల్లల ఆట చూడండి. జెండాలు నేను చూసుకుంటాను." చివర దణ్ణం పెట్టే బొమ్మలు రెండు.

మూడేళ్లుగా ఆవిడ అదే ఎండలో నిలబడుతోంది. సింగపూర్ ఎండ కృష్ణప్రసాద్‌కి ఈ గురువారమే కనబడిందంటే నమ్మడానికి భానుమతేమీ చంటిపిల్ల కాదు. వెన్న రాసిన మాట వింటే ఆవిడకి ముందునుంచీ ఒళ్లు మంట. తిట్టేవాడికైనా ఎదురు జవాబు చెప్పొచ్చు, దణ్ణం బొమ్మ పెట్టినవాడికి ఏం చెబుతాం?

"నా కళ్లు బాగానే ఉన్నాయండీ, నేనే నిలబడతాను" అని కొట్టి పంపింది. రెండు స్టేషన్లు దాటాక జవాబొచ్చింది. "కావ్యతో మాట్లాడాను. సరే అంది."

కావ్యశ్రీ ఆవిడ కూతురు. యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం. ఈ ఏడాది జట్టుకు కెప్టెన్ కూడా. ఆ నాలుగు మాటలూ చదివాక భానుమతి ఫోన్ బ్యాగులో పడేసి, అవుట్‌రమ్ పార్క్‌లో రైలు మారేదాకా మళ్లీ బయటికి తీయలేదు.

ఆ జట్టు పేరు పుంగ్గోల్ కింగ్‌ఫిషర్స్. భానుమతికి మాత్రం వాళ్లు లకుముకిపిట్టలు. ఆడేది ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్. కోడిగుడ్డులాంటి బంతి, అదే ఆకారంలో మైదానం, కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు. ఒక్కో చివర నాలుగు కర్రలుంటాయి, మధ్యవి రెండూ పొడుగు, పక్కవి రెండూ పొట్టి. పొడుగు కర్రల మధ్య నుంచి బంతి వెళితే ఆరు పాయింట్లు. గురి కాస్త పక్కకి పోయి పొట్టి కర్ర వైపు నుంచి వెళ్లినా ఒక పాయింటిస్తారు. భానుమతికి ఈ ఆట నచ్చింది అక్కడే. తప్పినవాడికి కూడా ఎంతో కొంత చేతిలో పెట్టి పంపే ఆట ఇంకోటి ఆవిడ ఎరగదు.

మూడేళ్ల కిందట పులిహోర డబ్బాతో మ్యాచ్ చూడ్డానికి వెళితే, గోల్ దగ్గర నిలబడే మనిషి రాలేదని ఎవరో ఆవిడ నెత్తిన తెల్ల టోపీ పెట్టి చేతికి రెండు జెండాలిచ్చారు. గోల్ అయితే రెండు జెండాలూ ఊపాలి. ఒక పాయింటే అయితే ఒకటి. ఈ పోటీల్లో ఒక్కో జట్టూ తన తరఫున ఒక మనిషిని గోల్ దగ్గర పెట్టాలి, ఆ మనిషి పేరు ముందురోజు మధ్యాహ్నంలోగా కెప్టెన్ రాసివ్వాలి. పెద్దపెద్ద మ్యాచుల్లోలాగా టీవీలో వెనక్కి తిప్పి చూసేదేమీ ఇక్కడ లేదు. జెండా ఊపిన మనిషి ఎంతంటే అంతే.

ఆ పని ఆవిడకి సరిగ్గా సరిపోయింది. ఇరవై ఆరేళ్లుగా ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుని పరాయివాళ్ల నెత్తురుచుక్కలు చూసే ఉద్యోగం. ఉన్నది ఉన్నట్టు రాయాలి. పేషెంటు పాపం చిన్నపిల్ల అనీ, పండగ రోజులనీ లేని ఆరోగ్యాన్ని రాసిపెట్టడం కుదరదు.

గొడవంతా పోయినేడాది ఫైనల్లో వచ్చింది. ఎదుటి జట్టు ఈస్ట్ కోస్ట్ హెరన్స్, భానుమతి లెక్కలో కొంగలు. ఆట ఇంకో నిమిషంలో అయిపోతుందనగా కొంగలు మూడు పాయింట్లు ముందున్నారు. కావ్యశ్రీ గోల్‌కి పదడుగుల దూరంలో బంతి అందుకుని తన్నింది. గీత మీదున్న కొంగల పొడుగుపిల్ల ఒకతె గాలిలోకి ఎగిరింది. బంతి పొడుగు కర్రల నట్టనడుమ నుంచి దూసుకుపోయింది. లకుముకిపిట్టలు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. భానుమతి ఒక్క జెండానే ఊపింది.

గీత దాటకముందు ఎదుటివాళ్ల చెయ్యి తగిలితే బంతి ఎటునుంచి వెళ్లినా ఒక్క పాయింటే. తగిలింది. ఆవిడ చూసింది. కొంగలు రెండు పాయింట్ల తేడాతో కప్పు ఎత్తుకెళ్లారు.

ఎవరూ పోట్లాడలేదు, అదే వచ్చిన చిక్కు. కృష్ణప్రసాద్ కూతురు భువన కూడా జట్టులోనే ఉంది. ఆ పిల్ల ఏడుస్తుంటే ఆయన "పోనీలెండి, పోనీలెండి" అని మూడుసార్లన్నాడు. పులిహోర మూత తీసినవాళ్లు లేరు. తరవాత ఎవరు అడిగినా కావ్యశ్రీ ఒకే మాట చెప్పింది, "నేనేం చూడలేదు." తల్లితో చదువు సంగతి మాట్లాడుతుంది, చారులో ఉప్పు ఎక్కువైతే చెబుతుంది, ఆ సాయంత్రం సంగతి మాత్రం ఎత్తదు. సంవత్సరంగా ఆ మాట భానుమతి గుండెల్లో ముల్లులా ఉంది. ఊరంతా నమ్మకపోతే మానె, కన్నకూతురు నమ్మలేదు. ఇప్పుడు మళ్లీ అదే ఫైనల్, అవే కొంగలు, ఈసారి తన చేతిలో జెండాలు కూడా లాగేసుకుంటున్నారు.

పుంగ్గోల్ రైల్లో సీటు దొరికింది. భానుమతి ఫోన్ తీసింది. ఆవిడకి ఇంకో అలవాటుంది. ప్రతి గురువారం, రాబోయే మ్యాచ్ గురించి తెలుగువాళ్ల గ్రూపులో 'శనివారం సంగతి' అని రాస్తుంది. ఏడు కుటుంబాలున్న గ్రూపు. కిందటి సీజన్ దాకా చదివి నవ్వేవాళ్లు, ఈ సీజన్‌లో చదివి ఊరుకుంటున్నారు. అయినా ఆవిడ ఒక్క వారం మానలేదు.

"కొంగలు మళ్లీ వస్తున్నారు" అని మొదలుపెట్టింది. "ఈ సీజన్‌లో మనల్ని రెండుసార్లు ఓడించారు. అయితే ఏంటి? రెండుసార్లూ ముప్పావు వంతు ఆట దాకా మనమే ముందున్నాం. వాళ్లకి పొడుగుంది, మనకి పరుగుంది. వాన పడితే బంతి సబ్బుబిళ్ల అవుతుంది, అప్పుడు వాళ్ల పొడుగు పైన గాలికే పనికొస్తుంది. కింద పడ్డ బంతి మన భువనది. కాబట్టి శనివారం నాలుగింటికి వాన పడాలని కోరుకోండి. పిడుగుల సైరన్ మాత్రం మోగకూడదని కోరుకోండి, మోగితే అందర్నీ మైదానంలోంచి తరిమేస్తారు."

అక్కడిదాకా చెయ్యి దానంతటదే నడిచింది. తరవాత రాసింది ఆవిడ ఎవరికీ, మొగుడికి కూడా, చెప్పలేదు. ఫోన్ అద్దం టకటకలాడేలా వేళ్లతో పొడిచి రాసింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన రెండుసార్లు తలెత్తి చూశాడు. చూడనీ అనుకుంది. పుంగ్గోల్ వచ్చేసరికి రాయడం అయిపోయింది, పంపలేదు.

ఏడున్నరకి కావ్యశ్రీ ప్రాక్టీసు నుంచి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. భానుమతి కూతుర్ని స్నానానికి కూడా పోనివ్వలేదు.

"కృష్ణప్రసాద్ గారికి సరే అన్నావంట?"

కావ్యశ్రీ బూట్ల తాళ్లు విప్పుతూ తలెత్తలేదు. అంకుల్ ఫోన్ చేశాడనీ, టీమ్ అంతా టెన్షన్‌గా ఉన్నారనీ, గొడవెందుకని సరే అన్నాననీ సగం ఇంగ్లీషులో గొణిగింది. పేరు ఇంకా రాసివ్వలేదట, రేపు మధ్యాహ్నం దాకా టైముందట.

"గొడవెందుకనా, నేను తప్పు చూశాననా?"

"ఐ డోన్ట్ నో లా, అమ్మా. వదిలెయ్. ఎవ్రీ టైమ్ సేమ్ థింగ్." ఈ ఊరివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించడం ఆ పిల్లకి అలవాటు.

"ఏడాదిలో ఒక్కసారి కూడా ఎత్తలేదే నేను, ఎవ్రీ టైమ్ ఎక్కడిది? ఇవాళ ఎత్తుతున్నా." భానుమతి గొంతు లేచింది. వంటింట్లోంచి జనార్దనరావు తల బయటపెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, దోసెల పెనం దగ్గరికే తిరిగి వెళ్లిపోయాడు. భార్యకీ కూతురికీ మధ్య దూరకపోవడమే ఆయన కాపురం ఇన్నాళ్లు నిలబెట్టుకున్న కిటుకు. "శనివారం నేను నిలబడతాను. నువ్వు పేరు రాయకపోతే టోపీ పెట్టుకుని గీత పక్కన ఊరికే నిలబడతాను. చెయ్యి పట్టి లాగమను ఆయన్ని. అదే నా జవాబు, రాసి కూడా పెట్టుకున్నా."

"గ్రూప్‌లో పెట్టావా?" కావ్యశ్రీ కంగారుగా చెయ్యి చాపింది. ఫోన్ చేతికొచ్చినా లాభం లేదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరాలు రావు. ఫోన్ తిరిగిచ్చేసింది. "ఏం రాశావ్? రీడ్ లా."

భానుమతి నిలబడే చదివింది. కొంగల సంగతి, వాన సంగతి గబగబా చదివేసింది. తరవాతది ఒక్కో మాటా నెమ్మదిగా చదివింది.

"పోయినేడాది సంగతి మీరెవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను. ఆ బంతి నా కూతురు తన్నింది. అది కాలు వెనక్కి తీసినప్పుడే నా రెండు చేతులూ పైకి లేస్తున్నాయి. రెండు జెండాలూ పిడికిళ్లలో ఉన్నాయి. అప్పుడు కొంగలపిల్ల ఉంగరం వేలు వెనక్కి వంగింది. బంతి ఒక వెంట్రుకవాసి తిరిగింది. నేను ఎడమ చెయ్యి దించేశాను. నా జన్మలో అంత బరువు దించింది లేదు. నా పిల్ల నెగ్గాలని నాకు లేదనుకుంటున్నారా? మీ అందరికన్నా నాకే ఎక్కువ. కానీ నేను లేని గోల్ ఇచ్చి ఉంటే ఆ కప్పు ఇంట్లో చూసినప్పుడల్లా అది నాదయ్యేది, నా కూతురిది కాదు. శనివారం కూడా వేలు తగిలితే ఒక్క జెండానే. తగలకపోతే రెండూ, నా మోచేతులు నెప్పెట్టేదాకా ఊపుతాను. నన్ను నీడలో కూర్చోబెట్టాలనుకునేవాళ్లు నీడలోనే కూర్చోండి."

చదవడం అయిపోయింది. వంటింట్లో దోసె మాడిన వాసన వస్తోంది.

కావ్యశ్రీ బూటు ఒకటి చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. బురద నేల మీద రాలుతోంది. నేలకేసి చూస్తూనే అంది.

"ఉంగరం వేలు కాదు."

"ఏంటి?"

"చిటికెన వేలు. లెఫ్ట్ హ్యాండ్. వైట్ టేప్ చుట్టుకుంది."

భానుమతికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. తెల్ల టేపు. అవును, టేపు ఉంది. ఇరవై ఆరేళ్ల మైక్రోస్కోపు కళ్లు ఏ వేలో మర్చిపోయాయి. పదడుగుల దూరంలో బంతి తన్నిన పిల్ల మర్చిపోలేదు.

"నువ్వు చూశావా?"

కావ్యశ్రీ తలూపింది. కన్నీళ్లు బురదచేత్తో తుడుచుకుంటే మొహమంతా చారలు పడ్డాయి. అప్పుడే చెబుదామనుకుందట. భువన ఏడుస్తోంది, అందరూ అమ్మని చూస్తున్నారు, తను కూడా తగిలిందని చెబితే తనమీద కూడా పడతారని భయమేసిందట. "నేనేం చూడలేదు" అని ఒకసారి అనేశాక, ఆ మాట వెనక్కి తీసుకోవడం రాలేదట. ఇదంతా ముక్కలు ముక్కలుగా, తెలుగులో కొంత, ఇంగ్లీషులో కొంత చెప్పింది. అమ్మ గోల్ దగ్గర కనబడితే అదే గుర్తొస్తోందనీ, ఈ సీజన్‌లో ఆ వైపు ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయిందనీ, అందుకే అంకుల్ అడగ్గానే సరే అన్నాననీ చెప్పింది.

భానుమతికి కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. ఏడాదంతా తను ఒంటరిగా మోసిన దాన్ని, గోడ అవతలి గదిలో కూతురు కూడా దాచుకుని పడుకుంది. ఒక్కటి పీకాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా, చీరకొంగుతో దాని మొహం మీది బురద కాస్త గట్టిగానే తుడిచింది.

కావ్యశ్రీ ఫోన్ తీసి కృష్ణప్రసాద్‌కి చేసింది. స్పీకర్‌లో పెట్టింది, కావాలనే. అవతల ఆయన అమ్మకి నచ్చజెప్పావామ్మా అని అడుగుతున్నాడు.

"అంకుల్, గోల్ దగ్గర అమ్మే. పేరు పంపేశాను."

ఆయన గుక్క తిప్పుకుని, ఫైనల్ కదమ్మా, ఒక్క పాయింటు అటూ ఇటూ అయితే అందరికీ బాధ, మీ అమ్మగారు మరీ నిక్కచ్చి మనిషి అన్నాడు.

"యెస్, అంకుల్. అమ్మ వన్ అంటే వన్. నేను ఇంకా క్లియర్‌గా కొడతాను, దట్స్ మై జాబ్." ఆయన మళ్లీ అందుకునేలోపే అంది. "అండ్ అంకుల్, లాస్ట్ ఇయర్ తగిలింది. నేను చూశాను. భువనకి కూడా రేపు నేనే చెబుతాను."

ఆయన సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాడు. దణ్ణం బొమ్మలేమీ రాలేదు.

అప్పుడు కావ్యశ్రీ నిజంగానే పేరు రాసి పంపింది, ఫోన్లో పంపేశానన్నది అబద్ధం. అది చూసి భానుమతి, ఒక అబద్ధానికి ఒక నిజం చెల్లిపోయిందిలే అనుకుంది. 'శనివారం సంగతి' మళ్లీ తెరిచి, 'ఉంగరం' కొట్టేసి 'చిటికెన' అని దిద్దింది. పంపబోతూ కూతురి మొహంలోకి చూసింది.

"నువ్వు చెప్పావని రాయనా?"

కావ్యశ్రీ రెండో బూటు విప్పి తలుపు పక్కన పెట్టింది. తను చదవలేని ఆ అక్షరాలను కాసేపు చూసింది.

"రాయి."

భానుమతి అడుగున ఒక్క లైను కలిపి పంపించింది. 'చిటికెన వేలని నాకు గుర్తుచేసింది కెప్టెన్. తను కూడా చూసింది.'