అడ్డం లేని స్నానం

మొయినాబాద్ మిషను వాడలో మగవాళ్లు ఎవరు పోయినా చివరి నీళ్లు పోసేది శాంతయ్యే. నులకమంచం మీద శవం, చుట్టూ నాలుగు కర్రలకు కట్టిన పాత చీర, లోపల అతనూ మరో ఇద్దరూ. ఆడవాళ్లు అవతలే ఉండాలి. ఆ మర్యాద ఎవరు పెట్టారో గానీ ఠాణావాళ్లకు మాత్రం బాగా పనికొచ్చింది.

రెండేళ్ల కింద బీరయ్య శవాన్ని ఠాణా నుంచి బండి మీద తెచ్చారు. జ్వరంతో పోయాడన్నారు. శాంతయ్య ఒళ్లు తిప్పి చూస్తే మెడ నుంచి నడుం దాకా లాఠీ వాతలు. చీర అవతలే ఠాణా జవాను నిలబడి ఉన్నాడు. బయటికొచ్చాక బీరయ్య భార్య అంతమ్మ అడిగింది. "ఏం లేదు చెల్లె, నిద్రవోయినట్టే ఉన్నడు" అన్నాడు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది మరి.

అప్పటి నుంచి బీరయ్య అతన్ని వదల్లేదు. కళ్ల ముందుకు రాడు, చేతుల్లోకి వస్తాడు. ఎద్దును కడుగుతుంటే అరచేతి కింద వాతలు తగులుతాయి. ఒకసారి మనవడికి స్నానం చేయిస్తుంటే ఆ లేత వీపు మీద అవే ఉబ్బులు తగిలి, చెంబు పడేసి లేచిపోయాడు. భయమేసేది. భయం కంటే సిగ్గు ఎక్కువేసేది.

యుద్ధం నడుస్తున్న రోజులు. కిందటేడు మిషను దొరసాని ప్రార్థనయ్యాక తన దేశం సంగతి చెప్పింది. అమెరికాలో ఒక నల్ల సిపాయిని పోలీసు కాల్చాడట, నల్లవాళ్లంతా వీధుల్లోకి వచ్చారట. చెబుతూ కళ్లు తుడుచుకుంది.

"కాల్చినాయన గూడ క్రైస్తవుడేనా దొరసానమ్మా?" అని అడిగాడు శాంతయ్య.

ఆమె బైబిలు మూసి లోపలికి వెళ్లిపోయింది. పాపం, ఏం చెబుతుంది?

చేవెళ్ల సంతరోజు పొద్దున మళ్లీ బండి వచ్చింది. ఈసారి మారెమ్మ కొడుకు స్వామిదాసు. ఇరవై ఏళ్లవాడు. ఠాణా పెద్ద అమీన్ సాబు సామాను వెట్టికి మొయ్యనన్నందుకు మూడు రోజుల కిందట పట్టుకుపోయారు.

"బాయిల వడ్డడు. పొద్దు నెత్తి మీదికి రాకముందే పూడ్చుండ్రి" అన్నాడు వెంట వచ్చిన జవాను.

చీర కట్టారు. శాంతయ్య వీపు కింద చెయ్యి పెట్టాడు. ఇవి నిజం వాతలే. అవతల నుంచి మారెమ్మ గొంతు వినిపించింది.

"అన్నా, బాయిల వడ్డోని లెక్కనే ఉన్నడా? నువ్వు చెప్తే నమ్ముత."

కిందటిసారి అంతమ్మ కూడా నమ్మింది.

"చీర ఇప్పుండ్రి" అన్నాడు. "మంచం బాట మీదికి వట్టుండ్రి. నీళ్లు ఆడనే పోద్దాం. ఆడోళ్లు, మగోళ్లు, అందరం పోద్దాం."

జవాను లాఠీ ఎత్తాడు. మంచం ఎత్తినవాళ్లు ఆగలేదు. సంతకు పోయే బండ్లు ఆగాయి, పక్క ఊరు చిన్న మంగళారం రైతులు దిగి వచ్చారు. శాంతయ్య స్వామిదాసును బోర్లా తిప్పాడు. ఆ వాతలు అంతమందీ చూశారు. జవాను ఆ జనాన్ని చూసి ఠాణా వైపు పరుగెత్తాడు. ఒక్కడే తిరిగి రాడని అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఇంటికి పోలేదు. వరుసలో నిలబడి తలా ఒక చెంబు నీళ్లు పోశారు.

అంతమ్మ వంతు వచ్చింది. ఆమె ఆ వీపు చూసింది, తర్వాత శాంతయ్య ముఖం చూసింది.

"మా ఇంటాయనకు?"

"ఉండె చెల్లె. గిట్లనే ఉండె. భయపడి చెప్పలే."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె మంచం పక్కన కూర్చుని, మెడ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క వాత మీద మెల్లగా చెయ్యి వేసి కడగసాగింది.

"బీరయ్యా, నొస్తున్నదా? జర ఓర్చుకో బీరయ్యా" అంటున్నది. పెనిమిటి పేరు ఆమె నోట అంతకు ముందు ఎవరూ వినలేదు.

కొడుకును మరొకరి పేరుతో పిలుస్తుంటే మారెమ్మ వద్దనలేదు. చెంబు ఖాళీ అయినప్పుడల్లా నింపి అందిస్తూ కూర్చుంది.